విపత్తు అనంతర మౌలిక వ్యవస్థల పునరుద్ధరణ

తుపాను, వరద, భూకంపం, సునామీ, కొండచరియలు విరిగిపడటం వంటి విపత్తులలో దెబ్బతిన్న విద్యుత్తు, తాగునీరు, రహదారులు, రైలుమార్గాలు, టెలిఫోన్లు, సాగునీటి కాలువలు మొదలైనవాటిని తిరిగి పనిచేసే స్థితికి తేవడాన్ని మౌలిక వ్యవస్థల పునరుద్ధరణ అంటారు. ఈ వ్యవస్థలన్నీ ఒకచోటి నుంచి మరొకచోటికి కరెంటునో, నీటినో, మనుషులనో, మాటలనో చేరవేసే అల్లికలు. కాబట్టి ఒక పాఠశాల భవనాన్ని బాగుచేయడానికీ, ఒక విద్యుత్తు ఫీడరును (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు కరెంటు తెచ్చే లైనును) నిలబెట్టడానికీ చాలా తేడా ఉంది. భవనంలో ఏ గదిని ముందు బాగుచేసినా ఆ గది పనికివస్తుంది. ఫీడరులో సబ్‌స్టేషన్ దగ్గరి స్తంభాలు లేవనంతవరకు ఊరి చివరి స్తంభం నిటారుగా నిలిచి ఉన్నా దీపం వెలగదు. స్తంభాలు, తీగలు ఎన్ని, మనుషులు ఎంతమంది కావాలన్న లెక్క ఒకటి రెండు రోజుల్లో తేలుతుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్న నిర్ణయమే ఈ పనిలో కష్టమైనది.

పరిధి, దశలు

పరిపాలనలో విపత్తు తర్వాతి పనులను మూడు దశలుగా చూస్తారు. ప్రాణాలు కాపాడటం, ఆహారం, ఆశ్రయం ఇవ్వడం సహాయ దశ. ఆగిపోయిన సేవలను ఏదో ఒక విధంగా మళ్లీ నడిపించడం పునరుద్ధరణ. కూలినదాని స్థానంలో కొత్తది, వీలైతే మరింత గట్టిది కట్టడం పునర్నిర్మాణం. ఈ గీతలు కాగితం మీద ఉన్నంత స్పష్టంగా నేలమీద ఉండవు. రోడ్డు మీద పడిన చెట్లు తొలగించకపోతే సహాయ బృందం ఊళ్లోకి వెళ్లలేదు. అంటే రోడ్డు పునరుద్ధరణే సహాయానికి మొదటి మెట్టు. అలాగే తాత్కాలికంగా వేసిన కట్టడం ఏళ్ల తరబడి శాశ్వతంగా మిగిలిపోవడమూ ఉంది.

చరిత్ర

తెలుగు తీరానికి తుపానుల చరిత్ర పెద్దది. 1864 నవంబరులో మచిలీపట్నం మీద విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారని అంచనా. ఆ కాలంలో పునరుద్ధరించవలసిన వ్యవస్థలు తక్కువ: రేవు, కాలువలు, తంతి తీగలు, కొద్దిపాటి బాటలు. ఇరవయ్యో శతాబ్దంలో రైలు, విద్యుత్తు, టెలిఫోను విస్తరించిన కొద్దీ విపత్తు వల్ల ఆగిపోయేవీ పెరిగాయి.

రైలుమార్గాల పునరుద్ధరణలో భారతదేశం ఇప్పటికీ గుర్తుచేసుకునే ఉదాహరణ పాంబన్ వంతెన. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపానులో ధనుష్కోటి పట్టణం నాశనమైంది, పాంబన్–ధనుష్కోటి ప్యాసింజరు రైలు సముద్రంలో కొట్టుకుపోయింది, వంతెన గర్డర్లు నీటిలో పడిపోయాయి. మరమ్మతుకు రైల్వే మొదట ఆరు నెలల గడువు పెట్టుకుంది. యువ ఇంజనీరు ఇ. శ్రీధరన్ ఆధ్వర్యంలో ఆ పని 46 రోజుల్లో ముగిసింది. సముద్రంలో పడిన గర్డర్లను పైకి తీసి మళ్లీ వాడుకోవడం అందుకు ముఖ్య కారణం. తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రోలతో ప్రసిద్ధికెక్కిన శ్రీధరన్ ఇంజనీరింగు చదివింది కాకినాడ ప్రభుత్వ కళాశాలలో.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణకు మలుపు. పదివేలమందికి పైగా మరణించిన ఆ ఉప్పెన తర్వాత తీరం వెంట తుపాను ఆశ్రయ భవనాలు కట్టడం మీద, ముందస్తు హెచ్చరికల మీద దృష్టి పెరిగింది. 1990 మే, 1996 నవంబరు (కోనసీమ) తుపానుల తర్వాత ఈ ఏర్పాట్లు మరింత విస్తరించాయి. ప్రాణనష్టం దశాబ్దాల మీద బాగా తగ్గింది. ఆస్తి, సేవల నష్టం మాత్రం తగ్గలేదు. పునరుద్ధరణ ఒక ప్రత్యేక విషయంగా ముందుకు రావడానికి ఈ మార్పు ఒక కారణం. 1999 ఒడిశా పెను తుపాను, 2001 జనవరి 26 భుజ్ భూకంపం, 2004 సునామీల తర్వాత దేశంలో విపత్తు నిర్వహణ చట్టం, 2005 వచ్చింది.

వ్యవస్థలవారీగా నష్టం, మరమ్మతు

విద్యుత్తు. తుపానులో అన్నిటికంటే విస్తారంగా దెబ్బతినేది ఇదే. ఉత్పత్తి కేంద్రాలు సాధారణంగా తట్టుకుంటాయి. 400, 220, 132 కిలోవోల్టుల టవర్లు కొన్ని కూలుతాయి. 33 కిలోవోల్టుల లైన్లలో నష్టం అంతకంటే ఎక్కువ, 11 కిలోవోల్టుల ఫీడర్లలో ఇంకా ఎక్కువ, ఇళ్లకు కరెంటు అందించే ఎల్‌టీ లైన్లలో అన్నిటికంటే ఎక్కువ. స్తంభం గాలికే పడిపోవాలని లేదు. చెట్టు తీగ మీద పడుతుంది, తీగ స్తంభాన్ని లాగుతుంది, ఆ స్తంభం పక్కదాన్ని లాగుతుంది. ఒక చెట్టుకు నాలుగైదు స్తంభాలు పోతాయి. తడిసి మెత్తబడిన నేలలో ఇది మరీ తొందరగా జరుగుతుంది.

మరమ్మతు పైనుంచి కిందికి సాగుతుంది: ముందు ట్రాన్స్‌మిషన్ లైను, తర్వాత 33/11 కిలోవోల్టుల సబ్‌స్టేషన్, ఆ తర్వాత ఫీడరు, ఆ పైన ట్రాన్స్‌ఫార్మర్, చివరికి ఎల్‌టీ లైను, ఇంటి సర్వీసు తీగ. దెబ్బతిన్న భాగాన్ని స్విచ్‌ల దగ్గర వేరుచేసి, బాగున్న భాగాన్ని మరోవైపు ఉన్న సబ్‌స్టేషన్ నుంచి చార్జ్ చేయగలిగితే సగం ఊరికి ఆ రోజే కరెంటు వస్తుంది. దీనికి ఫీడర్ల మధ్య ముందే అనుసంధానం ఉండాలి. నగరాల్లో ఉంటుంది. పల్లెల్లో ఎక్కువ ఫీడర్లు ఒకే దిక్కు నుంచి వచ్చేవి కాబట్టి వరుసగా బాగుచేసుకుంటూ పోవడం తప్ప మార్గం లేదు. కూలిన పెద్ద టవర్ల స్థానంలో కొత్తవి కట్టేదాకా ఆగకుండా, విడిభాగాలుగా తెచ్చి గైతీగలతో నిలబెట్టే అత్యవసర టవర్లను వాడతారు.

గ్రిడ్ మొత్తం కుప్పకూలితే పని మరోలా ఉంటుంది. బొగ్గు కేంద్రం మళ్లీ మొదలవడానికే బయటి నుంచి విద్యుత్తు కావాలి; దాని పంపులు, ఫ్యాన్లు కరెంటుతోనే నడుస్తాయి. జలవిద్యుత్ కేంద్రానికి కావలసింది చాలా కొద్ది, దాన్ని డీజిల్ జనరేటరుతో ఇవ్వవచ్చు. అందుకని జలవిద్యుత్, గ్యాస్ కేంద్రాలను ముందు లేపి, వాటితో బొగ్గు కేంద్రాలను లేపుతారు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతం చీకటిలో మునిగినప్పుడు ఈ పద్ధతి దేశమంతటా చర్చకు వచ్చింది.

తాగునీరు. నీటి వ్యవస్థకు కంటికి కనిపించే నష్టాలు రెండు: పంపులకు కరెంటు లేకపోవడం, గొట్టాలు పగలడం. మూడోది కనిపించనిది. గొట్టంలో ఒత్తిడి పడిపోతే చుట్టూ నిలిచిన మురికినీరు అతుకుల్లోంచి లోపలికి పీల్చుకుపోతుంది. కాబట్టి కుళాయిలో నీళ్లు రావడంతో పునరుద్ధరణ పూర్తయినట్టు లెక్కపెట్టరాదు. గొట్టాలను కడిగి, క్లోరిన్ కలిపి, చివరి కుళాయి దగ్గర మిగులు క్లోరిన్ కొలవాలి. మామూలు రోజుల్లో లీటరుకు 0.2 మిల్లీగ్రాములు చాలు. వరదల తర్వాత 0.5 ఉండేలా చూస్తారు.

రహదారులు, వంతెనలు. వరదలో వంతెన నిలిచి, దానికి రెండువైపులా ఉన్న మట్టికట్ట కోసుకుపోవడం సర్వసాధారణం. నీరు తగ్గాక పొక్లెయిన్లతో మట్టి, రాళ్లు నింపి ఒక వరుస వాహనాలకు దారి ఇస్తారు. వంతెనే పోతే బెయిలీ వంతెన వేస్తారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ ఇంజనీరు డొనాల్డ్ బెయిలీ రూపొందించిన ఈ ఉక్కు పలకల వంతెనను పెద్ద క్రేన్లు లేకుండా మనుషులే అమర్చవచ్చు. 2024 జులై 30న వయనాడులో కొండచరియలు విరిగిపడినప్పుడు సైన్యానికి చెందిన మద్రాస్ ఇంజనీర్ గ్రూపు చూరల్‌మల వద్ద 190 అడుగుల బెయిలీ వంతెనను రెండు రోజుల్లోపే నిలబెట్టింది. అవతలి ఒడ్డుకు యంత్రాలు చేరింది దాని మీదుగానే.

టెలిఫోన్లు. సెల్ టవర్ కూలకపోయినా మూగబోతుంది. బ్యాటరీలు కొన్ని గంటలు, జనరేటరు డీజిల్ ఉన్నంతసేపు నడుపుతాయి. ఆప్టికల్ ఫైబరు తెగితే అదీ ఉండదు. వాహనాల మీద తెచ్చే సంచార టవర్లు, ఉపగ్రహ ఫోన్లు, హామ్ రేడియో తాత్కాలిక మార్గాలు. ఒక కంపెనీ టవర్ పనిచేయకపోతే ఆ వినియోగదారులు పనిచేస్తున్న మరో కంపెనీ టవర్ వాడుకునేలా టెలికాం శాఖ ఆదేశించే ఏర్పాటు ఇటీవలి తుపానుల్లో బాగా ఉపయోగపడింది.

కాలువలు, బ్యారేజీలు. గండి పూడ్చడం పారే నీటిలో చేసే పని. ఒడ్డు రెండు చివరలను ముందు రాళ్లతో కాపాడి, అక్కడి నుంచి మధ్యకు వస్తారు. గండి ఇరుకైన కొద్దీ నీటి వేగం పెరుగుతుంది, వేసిన మట్టి నిలవదు. అందుకే చివరి కొద్ది మీటర్లే పని మొత్తంలో కఠినమైనవి. ఇనుప వలల్లో నింపిన రాళ్లు అప్పుడు కావాలి.

పరస్పరాధారం

ఈ వ్యవస్థలు ఒకదాని మీద మరొకటి ఆధారపడి ఉంటాయి. పంపుకు కరెంటు కావాలి. లైన్‌మన్ స్తంభం దగ్గరికి వెళ్లడానికి రోడ్డు కావాలి. ఏ ఫీడరు ఎక్కడ పోయిందో చెప్పడానికి ఫోను కావాలి. ఫోను టవరుకు డీజిల్ కావాలి. బంకులో డీజిల్ తోడడానికి మళ్లీ కరెంటు కావాలి. 2001లో రినాల్డి, పీరెన్‌బూమ్, కెల్లీ అనే పరిశోధకులు ఈ సంబంధాలను నాలుగు రకాలుగా విభజించారు: ఒకదాని ఉత్పత్తి మరొకదానికి అవసరం కావడం, సమాచార వ్యవస్థ ద్వారా ముడిపడటం, ఒకేచోట పక్కపక్కన ఉండటం, విధానాలు, మార్కెట్లు, మానవ నిర్ణయాల ద్వారా ముడిపడటం. మూడోది మన ఊళ్లలో రోజూ కనిపించేదే. ఒకే వంతెన అంచున రోడ్డు, తాగునీటి గొట్టం, ఫైబరు తీగ వెళుతుంటాయి. వంతెన పోతే మూడూ పోతాయి.

పరస్పరాధారం నష్టాన్ని పెంచినట్టే పరిష్కారానికీ దారి చూపుతుంది. రోడ్ల శాఖ చెట్లు తీసే వరుస విద్యుత్తు శాఖ స్తంభాలు వేసే వరుసతో కలిస్తే రెండు పనులూ త్వరగా అవుతాయి. ఒక్కో శాఖ తన జాబితా ప్రకారం తాను పోతే స్తంభాల లారీలు తెరవని రోడ్డు మొదట ఆగిపోతాయి. ఎన్ని బృందాలను ఏ వరుసలో ఎక్కడికి పంపితే ప్రజల మొత్తం నిరీక్షణ తగ్గుతుందన్నది గణితశాస్త్రంలోనూ జటిలమైన సమస్యే. వ్యవస్థ పెద్దదయ్యే కొద్దీ కచ్చితమైన ఉత్తమ సమాధానం కంప్యూటరుకూ దొరకదు. ఆచరణలో ఆసుపత్రులు, మంచినీటి పంపులు, టెలిఫోను కేంద్రాలను ముందు పెట్టి, ఆపై ఎక్కువ కనెక్షన్లున్న ఫీడర్లను తీసుకుంటారు.

ఉదాహరణ: హుద్‌హుద్, 2014

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. తుపానులు తరచూ పల్లెతీరాలను దెబ్బతీస్తాయి. ఒక పెద్ద నగరం మీదుగానే నేరుగా వెళ్లడం హుద్‌హుద్ ప్రత్యేకత. విద్యుత్తు, ఫోన్లు, నీటి సరఫరా ఒకేసారి ఆగాయి. విమానాశ్రయం టెర్మినల్ పైకప్పు దెబ్బతిని సేవలు నిలిచిపోయాయి. అక్టోబరు 17న తిరిగి మొదలయ్యాయి. పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి, పాల ప్యాకెట్లకు కటకట ఏర్పడింది. పైన చెప్పిన ఆధార శృంఖలం అప్పుడు నగరవాసులందరికీ అనుభవంలోకి వచ్చింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు విశాఖలోనే మకాం వేసి పనులు నడిపించారు. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బందికి తోడుగా ఇతర జిల్లాల నుంచి, పొరుగు రాష్ట్రాల నుంచి బృందాలు వచ్చాయి.

దీర్ఘకాలంలో హుద్‌హుద్ మిగిల్చిన ముఖ్యమైన మార్పు భూగర్భ కేబుళ్లు. ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో చేపట్టిన ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులో భాగంగా విశాఖ నగరంలో తీగలను నేల కిందికి మార్చే పని జరిగింది. తర్వాత 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటి, కొబ్బరితోటల ప్రాంతమైన ఉద్దానాన్ని కుదిపేసింది. అక్కడ కొబ్బరిచెట్లు తీగల మీద పడ్డాయి. దారులు కూడా చెట్లతోనే మూసుకుపోయాయి. నగరానికి సరిపోయిన భూగర్భ కేబుళ్ల పరిష్కారం తోటల మధ్య విడివిడిగా ఉన్న పల్లెలకు ఖర్చు రీత్యా సరిపోదు.

ఉదాహరణ: 2024 వరదలు

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒకేసారి వేర్వేరు వ్యవస్థలు దెబ్బతిన్నాయి. మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలుకట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. కాజీపేట–విజయవాడ మార్గం ఉత్తర, దక్షిణ భారతాలను కలిపే ప్రధాన దారి కావడంతో ఆ కొద్ది దూరం కోత దేశమంతటి రైళ్లను అటూఇటూ మళ్లించింది. దక్షిణ మధ్య రైల్వే రాళ్లు, మట్టి నింపి సెప్టెంబరు 4న రైళ్లను తగ్గించిన వేగంతో నడపడం మొదలుపెట్టింది.

విజయవాడలో బుడమేరు మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు మూడు గండ్లు పడి సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. మూడో గండి పూడ్చడానికి సైన్యం సాయం తీసుకున్నారు. సెప్టెంబరు 7న పని పూర్తయింది. ఇలాంటి ముంపులో విద్యుత్తును కావాలనే ఆపుతారు. నీరు దిగాక ట్రాన్స్‌ఫార్మర్లు, ఇళ్ల మీటర్లు ఆరాయో లేదో చూసి వీధి వీధికీ ఇస్తూ పోతారు. తొందరపడితే షాకు ప్రమాదం. తుపానులో వేగం మంచిదైతే, వరదలో ఆగడం కూడా పునరుద్ధరణలో భాగమే.

అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కొట్టుకొచ్చిన పడవలు ఢీకొని గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. వాటి మరమ్మతును పర్యవేక్షించినవారు గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు. ఆయనే అంతకు కొద్ది వారాల ముందు, ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి కొట్టుకుపోయిన తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు స్థానంలో, నీరు పారుతుండగానే తాత్కాలిక స్టాప్‌లాగ్ గేటు దింపించారు. ఈ రకం నైపుణ్యం ఉన్నవారు దేశంలో చాలా కొద్దిమంది. వారి అనుభవాన్ని కొత్త తరానికి నేర్పే పద్ధతి ఇంకా బలపడలేదు.

కొలమానాలు

2003లో బ్రూనో తదితరులు ప్రతిపాదించిన పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉంది. సేవ స్థాయిని కాలంతో పాటు గీస్తే, విపత్తు రోజున నిట్టనిలువుగా పడి నెమ్మదిగా పైకి లేచే గీత వస్తుంది. ఆ పల్లం వైశాల్యమే సమాజం భరించిన నష్టం. వ్యవస్థ దృఢంగా ఉంటే పల్లం లోతు తగ్గుతుంది, పని వేగంగా జరిగితే వెడల్పు తగ్గుతుంది. ప్రత్యామ్నాయ మార్గాలు, వనరులను సమకూర్చుకునే నేర్పు ఈ రెండింటికీ తోడ్పడతాయి.

వ్యవస్థను బట్టి ఈ గీత ఎంతో మారుతుంది. 1995 జనవరి 17న కోబే భూకంపం తర్వాత విద్యుత్తు సుమారు వారంలో తిరిగి వచ్చింది. నేల కింది గ్యాసు, నీటి గొట్టాలను పూర్తిగా బాగుచేయడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. 2017 సెప్టెంబరులో మరియా హరికేన్ దెబ్బతీసిన ప్యూర్టోరికోలో చివరి ఇళ్లకు కరెంటు రావడానికి పదకొండు నెలలు పట్టింది.

వార్తల్లో వచ్చే శాతాలను జాగ్రత్తగా చదవాలి. తొంభై శాతం పునరుద్ధరణ అన్నప్పుడు అది సబ్‌స్టేషన్లలోనా, ఫీడర్లలోనా, ట్రాన్స్‌ఫార్మర్లలోనా, ఇళ్లలోనా అన్నది చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఫీడరు చార్జ్ అయిన రోజుకూ, దాని చివరి వాడలో బల్బు వెలిగే రోజుకూ మధ్య వారాలు ఉండవచ్చు. ఇళ్లను లెక్కపెట్టే కొలమానమే న్యాయమైనది.

తాత్కాలికం, శాశ్వతం

పాతదాన్ని పాత పద్ధతిలోనే నిలబెడితే తర్వాతి తుపానులో అది అలాగే పడుతుంది. మెరుగ్గా తిరిగి కట్టాలన్నది 2015–2030 కాలానికి కుదిరిన సెండాయ్ ఒప్పందంలోని నాలుగు ప్రాధాన్యాలలో ఒకదానిలో భాగం. ఆ లక్ష్యంతో భారత్ 2019లో విపత్తులను తట్టుకునే మౌలిక సదుపాయాల అంతర్జాతీయ కూటమిని ప్రారంభించింది. దాని కేంద్రం ఢిల్లీలో ఉంది. అయితే ఆచరణలో ఈ ఆశయానికీ వేగానికీ పొత్తు కుదరదు. చీకట్లో ఉన్న ఊరికి ఆరు నెలల తర్వాత వచ్చే గట్టి లైను కంటే ఆరు రోజుల్లో వచ్చే మామూలు లైనే కావాలి. కాబట్టి తాత్కాలిక లైను వేసేటప్పుడే దాన్ని మార్చే గడువు, నిధి నిర్ణయించాలి. ఈ రెండో భాగాన్నే తరచూ మరిచిపోతారు.

భూగర్భ కేబులు గాలిని తట్టుకుంటుంది, దారికి అడ్డంపడి ప్రాణాలు తీయదు. కానీ వేయడానికి ఖర్చు చాలా ఎక్కువ, లోపం ఎక్కడుందో పట్టడం కష్టం, రోడ్డు తవ్వకాలకు తెగుతుంది. తీరంలో మధ్యేమార్గంగా ఎక్కువ బలమైన స్తంభాలు, తక్కువ దూరంలో పాతడం, ఇన్సులేషన్ ఉన్న తీగలు, కొమ్మల నరికివేత వాడుకలో ఉన్నాయి.

నిధులు, సంస్థలు

రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి రాష్ట్రాలకు కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం సమకూరుస్తాయి; ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు కేంద్రం వాటా 90 శాతం. పదిహేనో ఆర్థిక సంఘం పునరుద్ధరణ, పునర్నిర్మాణాలకు ప్రత్యేక వాటా కేటాయించడం ఇటీవలి ముఖ్యమైన మార్పు. అంతకుముందు నిధి ప్రధానంగా తక్షణ సహాయానికే ఉండేది. రక్షణ పనులకు జాతీయ విపత్తు స్పందన దళం ఉంది. దాని పదో బెటాలియన్ విజయవాడ సమీపంలోని కొండపావులూరులో ఉంటుంది. లైన్లు, గొట్టాలు, రోడ్లు మాత్రం ఆయా శాఖలే బాగుచేసుకోవాలి.

పనివారు, భద్రత

కూలిన తీగలో కరెంటు లేదని అనుకోవడం ఈ రంగంలో అతి ప్రమాదకరమైన ఊహ. సబ్‌స్టేషన్ నుంచి సరఫరా ఆపి, పని చేయడానికి అనుమతి (లైన్ క్లియర్) తీసుకున్నా, ఏదో ఇంట్లో నడుస్తున్న జనరేటరు నుంచి వెనక్కి పారే విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మర్ గుండా 11 కిలోవోల్టుల తీగలోకి ఎక్కగలదు. అందుకే పనిచేసే చోటుకు రెండువైపులా తీగలను ఎర్త్ రాడ్లతో నేలకు కలిపి తీరాలి. వరుసగా రోజుల తరబడి నిద్రలేక, తెలియని ఊళ్లో, తెలియని లైను మీద ఎక్కే బయటి బృందానికి స్థానిక లైన్‌మన్ తోడుండటం నియమంగా పాటించాలి. ఏ స్తంభం మీద రెండు ఫీడర్లు కలుస్తాయో అతనికే తెలుసు. ఈ పనివారిలో చాలామంది కాంట్రాక్టు కార్మికులు. పరిహారం, బీమా, భద్రతా పరికరాల విషయంలో వారికీ శాశ్వత సిబ్బందికీ ఉన్న తేడా కార్మిక సంఘాలు తరచూ లేవనెత్తే అంశం.

ప్రాధాన్యాలపై చర్చ

ఎక్కువ కనెక్షన్లున్న ఫీడరును ముందు తీసుకోవడం లెక్క ప్రకారం సరైనది. పర్యవసానం మాత్రం కాలువ చివరి ఆయకట్టు రైతుకు తెలిసినదే: చివర ఉన్నవారికి ప్రతిసారీ చివర్నే అందుతుంది. మత్స్యకార పల్లెలు, గిరిజన గూడేలు, ఊరికి దూరంగా ఉన్న వాడలు, వ్యవసాయ పంపుసెట్లు ఈ వరుసలో వెనక పడతాయి. అక్కడివారిలో చాలామందికి ప్రత్యామ్నాయంగా జనరేటరు గానీ, ట్యాంకరు నీళ్లు కొనే స్థోమత గానీ ఉండదు; ఒక్కో రోజు ఆలస్యం నగరంలోని ఇంటి కంటే వారికి ఎక్కువ నష్టం చేస్తుంది. అందుకని కనెక్షన్ల సంఖ్యతో పాటు ఎన్ని రోజులుగా సేవ లేదు, ప్రత్యామ్నాయం ఉందా, ఆ వాడ గత విపత్తులోనూ చివరే ఉందా అన్న అంశాలను వరుసలో కలపాలని పరిశోధకులు కొందరు ప్రతిపాదిస్తున్నారు. లైను చేరేలోగా అక్కడి తాగునీటి పంపుకు, సెల్ టవరుకు, ఆశ్రయ భవనానికి సౌర ఫలకాలు, బ్యాటరీలు, సంచార జనరేటర్లు ఇవ్వడం మరో మార్గం. దీనికి స్తంభాలతో పని లేదు, రోడ్డు తెరుచుకున్న రోజే అమర్చవచ్చు.